సామాను పాతదైతేనేం.. లెక్క సరిచూసుకుంటే చాలు!

డిగ్రీలో సీటొచ్చింది. లేదంటే మొదటి ఉద్యోగం దొరికింది. ఊరి నుంచి బస్సెక్కి నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో, ఇంకాస్త దూరమైతే హైదరాబాద్‌కో వచ్చి గది తీసుకున్నారు. అడ్వాన్సు కట్టేశారు. తలుపు తీస్తే నాలుగు గోడలు, ఒక ఫ్యాను. మంచం కావాలి, చదువుకోవడానికి బల్ల కావాలి, బట్టలకు బీరువా కావాలి. షోరూముకు వెళితే ‘ఇప్పుడు పైసలు కట్టాల్సిన పనిలేదు, ఈఎంఐలో తీసుకెళ్లండి’ అంటారు. సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మీరు ఆ గదిలో ఎన్నేళ్లుంటారు?

పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పీజీ అంటే రెండేళ్లు. డిగ్రీకి మూడేళ్లు. గ్రూప్స్ కోచింగ్ అయితే ఏడాదో, రెండేళ్లో. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. గదులు అద్దెకు తీసుకునే కుర్రకారు జిల్లా కేంద్రాలకు వస్తూనే ఉన్నారు, కోర్సు అయిపోగానే ఖాళీ చేసి వెళుతూనే ఉన్నారు. వెళ్లేవాళ్లు అమ్ముకోవాలి, వచ్చేవాళ్లు కొనుక్కోవాలి. మీకు లాభం అక్కడే ఉంది.

అసలు ఖర్చు ఎంత?

సామాను ఎంతకు కొన్నామన్నది ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. కొన్న ధరకు రవాణా, మరమ్మతు కలపాలి. అందులోంచి గది ఖాళీ చేసేటప్పుడు అమ్మితే వచ్చేది తీసేయాలి. మిగిలిందే అసలు ఖర్చు.

ఉదాహరణకు మంచం, బల్ల, కుర్చీ, చిన్న బీరువా కొత్తవి అన్నీ కలిపి రూ.22 వేలు అనుకుందాం. రెండేళ్లు వాడి అమ్మితే రూ.8 వేలు వచ్చాయనుకోండి. అసలు ఖర్చు రూ.14 వేలు. అవే పాతవి రూ.9 వేలకు దొరికాయి. ట్రాలీ ఆటోకు 800, మరమ్మతుకు 700 పోయాయి. మొత్తం రూ.10,500. రెండేళ్ల తర్వాత రూ.6,500కు అమ్మారు. అసలు ఖర్చు రూ.4 వేలే. అంటే మిగిలింది రూ.10 వేలు. ఇవి లెక్క తెలియడానికి వేసిన అంకెలు. మీ ఊళ్లో ధరలు వేసి మీరే చూసుకోండి. ఆ మిగులు కొన్ని నెలల గది అద్దె కావచ్చు, టెస్ట్ సిరీస్ ఫీజు కావచ్చు, అమ్మానాన్న అప్పు చేయకుండా గడిచే ఒక సెమిస్టర్ కావచ్చు.

ఈఎంఐకి ఇంకో చిక్కుంది. ప్రాసెసింగ్ చార్జీలు ఉంటాయి. రెండు వాయిదాలు ఆలస్యమైతే పెనాల్టీతో పాటు సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. రేపు బండికో, పైచదువుకో లోన్ అడిగినప్పుడు అది బయటపడుతుంది.

ఎప్పుడు, ఎక్కడ?

పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో గదులు ఖాళీ అవుతాయి. అమ్మేవాళ్లకు తొందర ఎక్కువ, బేరానికి వీలెక్కువ. అడ్మిషన్లయ్యాక అందరూ ఒకేసారి వెతుకుతారు, ధర పెరుగుతుంది. పెళ్లిళ్ల సీజన్‌నూ గమనించండి. మన దగ్గర పెళ్లి సామానుతో కొత్త మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ ఇంటికొస్తాయి. జాగా చాలక పాతవి అమ్మకానికొస్తాయి.

ముందుగా ఇంటి ఓనర్‌ను అడగండి. ఖాళీ చేసినవాళ్లు వదిలేసిన సామాను చాలా ఇళ్లలో మిద్దె మీదే ఉంటుంది. కాలేజీ సీనియర్లు, వాట్సాప్ గ్రూపులు, పాత సామాన్ల దుకాణాలు, వడ్రంగి షెడ్లు ఆ తర్వాత. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంత ఉండనే ఉంది. అయితే అక్కడ చవకగా వచ్చిందని వంద కిలోమీటర్ల దూరంలోని నల్లగొండకో, పాలమూరుకో తెచ్చుకోకండి. మిగిలిందంతా బండి కిరాయికే పోతుంది. ఉండే ఊళ్లోనే కొనండి.

చూడాల్సినవి ఇవీ..

చెక్క మంచం: పాలిష్ చూసి మోసపోవద్దు. తిరగేసి, పాలిష్ లేని అడుగు భాగం చూడండి. వేలి కణుపుతో కొట్టండి, డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తిని ఉండొచ్చు. కింద సన్నటి పిండి రాలుతుంటే పుచ్చు పట్టినట్టే, వదిలేయండి. కాళ్లు, పట్టెలు కలిసే చోట పట్టుకుని ఊపండి. కాస్త వదులైతే వడ్రంగి బిగిస్తాడు, చీలిపోతే కష్టం. టేకు, వేప లాంటి గట్టి చెక్క ఎంత పాతదైనా మళ్లీ ధర పలుకుతుంది.

పార్టికల్ బోర్డు: రంపపు పొట్టు, చెక్క ముక్కలను జిగురుతో అదిమి చేస్తారు. పైన నిగనిగలాడే షీటు ఉంటుంది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు సరిగా పట్టవు. విప్పి తేవాల్సిన బోర్డు కబోర్డు ఎంత చవకైనా వద్దు.

ఇనుప బీరువా: అడుగున తుప్పు, తలుపుల వంకర, తాళం చూడండి. దాని బరువుకు పాత ఇనుము రేటు కడితే ఎంతవుతుందో లెక్కేయండి. అంతకన్నా తక్కువకు ఎవరూ ఇవ్వరు. ఆ అంకె తెలిస్తే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

చక్రాల కుర్చీ: ఐదు నిమిషాలు కూర్చోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే లోపలి గ్యాస్ సిలిండర్ పోయినట్టు. మార్చడానికి ఎంతవుతుందో తెలుసుకుని ఆ మేరకు ధర తగ్గించమనండి.

పరుపు: పాతది అస్సలు వద్దు. కుట్ల మధ్య నల్లులు ఉంటే తిండి లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. ఇంటి నుంచి బొంత తెచ్చుకున్నా నయమే. మంచం పట్టెల సందుల్లో నల్లటి చుక్కలు కనిపించినా అనుమానించాలి. మన నాయనమ్మలు చేసినట్టు ఎండలో వేసి, సందుల్లో మరిగే నీళ్లు పోసి, ఆరాకే గదిలోకి తీసుకెళ్లండి.

క్యూఆర్ కోడ్‌తో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో పాత సామాను కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ మోసాలు జరుగుతున్నాయి. ‘ఆర్మీలో పనిచేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయ్యింది, అడ్వాన్స్ పంపితే సామాను పంపిస్తా’ అనేది పాత ఎత్తుగడ. మీరు అమ్ముతుంటే ‘డబ్బులు వేస్తున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు’ అంటారు. డబ్బులు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతాయి. వస్తువును కళ్లతో చూశాకే పైసలివ్వండి. ఒంటరిగా తెలియని ఇంటికి వెళ్లకుండా స్నేహితులను వెంట తీసుకెళ్లండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

‘ఎవరిదో మంచమా?’

ఇంట్లో ఈ మాట రావచ్చు. ఎవరు పడుకున్నదో, ఏమైందోనని అమ్మ భయపడుతుంది. ఆమెతో వాదించకండి. మంచం ఒక్కటీ కొత్తది సాదాసీదాగా కొనుక్కుని, బల్ల, కుర్చీ, బీరువా పాతవి తీసుకోండి. అప్పటికీ చాలా మిగులుతుంది. ఇక దోస్తులు నవ్వుతారనే బెంగ ఉంటే, ఎవరి ఈఎంఐలు వాళ్లే కట్టుకోవాలన్నది గుర్తుచేసుకోండి.

ఇందులోనే పని కూడా..

పాత సామానును బాగుచేసి అమ్మే నేర్పు కూడా ఒక ఉపాధే. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. ఈ పని చేసే 18 ఏళ్లు నిండినవారికి శిక్షణ, పనిముట్లకు రూ.15 వేల సాయం, రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇందులో ఉన్నాయి.

గదికి సామాను కొనే రోజు టేపు, ఫోన్ టార్చి వెంట పెట్టుకోండి. గది తలుపు వెడల్పు, మెట్ల మలుపు ముందే కొలవండి. బేరం కుదిరి తెచ్చిన బీరువా మెట్ల దగ్గరే ఆగిపోతే ఆ కిరాయి రెండుసార్లు కట్టాల్సొస్తుంది!