హిమసీమలో పాతబండి: పట్టు, రబ్బరు, తుప్పు

దేవరకొండ దుర్గము చుట్టునున్న పల్లెలలో బండికి శత్రువులు వేసవి యెండయు, దుమ్మును, వానకారున చక్రము దిగబడు బురదయునే గాని మంచు కాదు. కనుకనే ఇచట పాతబండి కొనువారు ఇంజను చప్పుడు విని, పొగ రంగు చూచి, తిరిగిన కిలోమీటర్లు అడిగి, అంతటితో బేరమునకు దిగుదురు. నల్లగొండ, పాలమూరు సీమల నుండి హైదరాబాదు మీదుగా అమెరికా చేరి, మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ చేరువనున్న నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్, ట్రాయ్ పట్టణములలో కాపురము పెట్టిన మన పిల్లలు ఈ పరీక్షతోనే తృప్తి పడినచో చిక్కులలో పడుదురు. ఉత్తర అమెరికా తెలుగు సంఘము తన మహాసభలను 2015లో డెట్రాయిట్‌లోను, 2025లో నోవైలోను జరుపుటను బట్టియే అచటి తెలుగువారి సంఖ్య స్వల్పము కాదని తెలియుచున్నది. ఆ సీమలో జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువన 4 డిగ్రీల ప్రాంతమున నుండును. ఏటేట కురియు మంచు మొత్తము ఒక మీటరుకు మించును. సంతానము కలిగి, తల్లిదండ్రులు చూడవచ్చి, చిన్నకారు చాలని దినమున మినీవ్యాను కొనుటయా, ఎస్‌యూవీ కొనుటయా యను ప్రశ్న ప్రతి యింటను పుట్టును. దీనికి సమాధానము బండి పేరులో లేదు. చక్రము నేలను తాకు అరచేయి పాటి స్థలములో నున్నది.

గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, బ్రేకు పట్టిన పిమ్మట, పొడి తారురోడ్డుపై సుమారు 12 మీటర్లలో నిలుచును. అణగిన మంచుపై ఘర్షణ గుణకము 0.8 నుండి 0.2కు దిగుటచేత అదే కారు ఆగుటకు 50 మీటర్లు పట్టును; నున్నని మంచుగడ్డపై గుణకము 0.1కు పడిపోగా దూరము 100 మీటర్లకు చేరును. బరువైన బండి మంచులో గట్టిగా నిలుచునను నమ్మకమొకటి లోకమున కలదు. బరువు పెరిగిన కొలది నేలపై ఒత్తిడియు, తత్కారణమున ఘర్షణబలమును పెరుగుట సత్యమే. కాని ఆపవలసిన ద్రవ్యరాశియు అంతే పాళ్లలో పెరుగుటచేత ఒకటి మరియొకదానిని కొట్టివేయును, ఆగు దూరము మాత్రము తగ్గదు.

మంచుగడ్డ ఇంత జారుడుగా నుండుట కేమి హేతువు? పైబడిన ఒత్తిడికి మంచు కరగి నీరగుటయే కారణమని చిరకాలము పాఠ్యపుస్తకములు బోధించినవి. కాని కారు టైరు కలిగించు ఒత్తిడి రెండుమూడు వాతావరణ పీడనములకు మించదు గనుక, దానివలన ద్రవీభవన స్థానము దిగునది డిగ్రీలో నూరవ వంతులు కొన్ని మాత్రమే. మంచు ఉపరితలమున సహజముగనే ద్రవప్రాయమైన పలుచని పొర యుండునని 1850లో మైకేల్ ఫారడే సూచించెను. జారునపుడు పుట్టు ఘర్షణోష్ణము ఆ పొరను మరింత పెంచునని 1939లో బౌడెన్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగ చూపిరి. ఆ కారణముననే తీవ్రమైన చలిలోని మంచుకంటె సున్నకు సమీపమున నున్న తడిమంచు అధిక ప్రమాదకరము.

ఇక రబ్బరు సంగతి. వేసవికై చేసిన టైరు 7 డిగ్రీలకు దిగువన క్రమముగా బిరుసెక్కి, నేలలోని సూక్ష్మమైన ఎగుడుదిగుడులను పట్టుకొను శక్తిని కోల్పోవును. శీతకాలపు టైరు చలిలో సైతము మెత్తగా నుండునట్లు కూర్చబడినది, దాని ముఖముపై సన్నని చీలికలు వందలకొలది యుండి మంచును పట్టి నిలుపును. మంచు మంచునకు అంటుకొనును గనుక ఆ చీలికలలో చిక్కినదియే పట్టునకు తోడ్పడును. టైరు ప్రక్కన ‘ఎం ప్లస్ ఎస్’ అను అక్షరములున్నంత మాత్రమున సంతసింపరాదు, అవి గాడుల ఆకృతిని మాత్రమే తెలుపును. మూడు శిఖరముల కొండ, దాని నడుమ మంచురేకు గల చిహ్నమున్నచో, నిర్ణీత ప్రమాణపు టైరుకంటె మంచులో కనీసము పదింట ఒకవంతు అధికమైన లాగుడుపట్టు పరీక్షలో తేలినదని అర్థము. కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఇట్టి టైర్లు శాసనబద్ధములు. ప్రక్కగోడపై ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును గనుక, గాడులు లోతుగా కనబడు ముసలి టైరు వయస్సును ఇట్టే పట్టుకొనవచ్చును.

నాలుగు చక్రముల చోదనము విషయమున భ్రమ అధికము. బురదలో దిగబడిన బండికి రెండవ కాడి యెడ్లను కట్టినచో గట్టెక్కును గాని, వాలున దొర్లునపుడు ఆ యెడ్లు దానిని ఆపలేవు; ఈ చోదనమును అట్టిదియే. బ్రేకు ప్రతి కారునందును నాలుగు చక్రములకు పట్టును గనుక, ఆగుటలో నాలుగు చక్రముల చోదనము గల బండికి విశేషలాభము లేదు. డెట్రాయిట్‌కు ఎదురుగా నది కావలనున్న విండ్సర్‌లో 1983లో క్రైస్లర్ సంస్థ తయారీ ప్రారంభించిన మినీవ్యానులో ఇంజను భారము చోదకచక్రములపైననే పడునట్లుండుటచేత, మంచి టైర్లున్నచో అది ఊరి రోడ్లపై నిశ్చింతగా నడచును. లోపమెచటననగా నేలకు, బండి పొట్టకు నడుమ ఎడము సుమారు 15 సెంటీమీటర్లే. అంతకు మించి మంచు పేరుకొన్నచో పొట్ట దానిపై తేలి చక్రములకు భారము తగ్గును. 20 సెంటీమీటర్లకు పైబడిన ఎస్‌యూవీకి ఇచట ఆధిక్యము కలదు. నిటారు వాలు గల ఇల్లు, మంచు ఎత్తివేయుటకు ముందే బయలుదేరవలసిన కొలువు ఉన్నవారికి ఎస్‌యూవీ గాని, 2004 నమూనా నుండి నాలుగు చక్రముల చోదనముతోను లభించు టయోటా సియెన్నా గాని తగియుండును. అట్టి బండిని పొడినేలపై మెల్లగా చుట్టు త్రిప్పి చూడవలెను. బిగపట్టినట్లు కుదుపులిచ్చినచో చోదనయంత్రమున దోషమున్నదని శంకింపవలెను. పక్కకు జారుటను అదుపుచేయు స్థిరత్వ నియంత్రణ అమెరికాలో 2012 నమూనా నుండి తప్పనిసరి యైనది గనుక అంతకు ముందటి బండిని కొనకుండుట మేలు.

అక్కడి బండికి అసలు మృత్యువు ఉప్పు. రోడ్డుపై చల్లిన ఉప్పు మంచు గడ్డకట్టు ఉష్ణోగ్రతను దించును. సంతృప్త ద్రావణము సున్నకు దిగువన 21 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అయితే ఆ ఉప్పునీరే విద్యుద్వాహకమై ఇనుమును త్వరితముగ క్షయింపజేయును. అడుగుభాగమున వ్రేలాడు స్టెపిని టైరు ఇనుపతాడు ఉప్పుచేత తుప్పుపట్టి తెగు ప్రమాదమున్నదని 2010లో టయోటా, శీతల రాష్ట్రములలోని సుమారు 6 లక్షల సియెన్నాలను పిలిపించి సరిచేయవలసి వచ్చెను. కావున బండిని లిఫ్టుపై నెక్కించి బ్రేకు గొట్టములు, చట్రము, ద్వారముల క్రింది అంచులు, మినీవ్యానులో వెనుక సీట్ల హీటరునకు వేడినీరు చేర్చు గొట్టములు చూడక బేరమాడరాదు. క్రొత్తగా పూసిన నల్లరంగు క్రింద జంగు దాగియుండవచ్చును. డాలస్ ప్రాంతమున తిరిగిన బండికి ఈ రోగము తక్కువయే గాని, 2017లో హ్యూస్టన్‌ను ముంచిన హార్వీ తుపాను వంటి వరదలలో మునిగినదేమో దాని చరిత్రపత్రమును విచారింపవలెను.

మనవైపు రేడియేటరులో కుళాయినీరు పోయుట వాడుక. అచట అది ప్రాణాంతకము: నీరు గడ్డకట్టునపుడు సుమారు 9 శాతము వ్యాపించి ఇంజనును పగులగొట్టును, సగము కూలెంటు, సగము నీరు కలిపినచో సున్నకు దిగువన 37 డిగ్రీల వరకు భయము లేదు. సున్నకు దిగువన 18 డిగ్రీల చలిలో బ్యాటరీ శక్తి సుమారు సగమునకు పడిపోవును, చిక్కబడిన ఆయిలులో ఇంజనును త్రిప్పుటకు అధికశక్తి కావలసియుండును. ముసలి బ్యాటరీ మొదటి చలికే చేతులెత్తుట ఇందువలననే.

కాబట్టి చేతనున్న ధనములో నాలుగు శీతకాలపు టైర్ల వెలను ముందుగనే తీసి ప్రక్కన పెట్టి, మిగిలినదానితో తుప్పులేని బండిని వెదకుట వివేకము. అరిగిన టైర్లతో నున్న గొప్ప ఎస్‌యూవీ కంటె, మంచి టైర్లతో నున్న సామాన్య మినీవ్యాను త్వరగా ఆగును. మొదటి మంచు కురిసిన నాడు నిర్జనమైన పార్కింగు స్థలమున నెమ్మదిగా నడపి, ఒక్కసారిగా బ్రేకు తొక్కి చూడవలెను. పాదము క్రింద పెడలు దడదడలాడినచో అది యంత్రము చక్రములను బిగుసుకొననీయక చేయు పనియే గాని దోషము కాదు. ఆ సమయమున పాదమును ఎత్తరాదు.