మూలనపడిన విద్యుత్ ద్విచక్ర వాహనం: పునర్వినియోగంలో పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

పెట్రోలు ఖర్చు తగ్గించుకోవాలన్న ఆశతో పదిహేనేళ్ల క్రితం కొనుగోలు చేసిన విద్యుత్ స్కూటర్లు నేడు ఎన్నో ఇళ్ల మెట్ల కింద, వసారాలలో దుమ్ముపట్టి పడి ఉన్నాయి. బ్యాటరీ చేవ తగ్గి, విడిభాగాలు లభించక యజమానులు వాటిని పక్కన పెట్టారు. విద్యుత్ వాహనాల వినియోగం విస్తరించిన ప్రస్తుత తరుణంలో, వాటిని బాగుచేయించి తిరిగి వాడుకోవాలన్న ఆలోచన సహజమైనదే. చట్రం, మోటారు చెక్కుచెదరకుండా ఉన్న వాహనాన్ని పునరుద్ధరించడం చాలా సందర్భాలలో సాధ్యమే. అయితే ఏళ్ల తరబడి వాడని బ్యాటరీని ఎటువంటి పరీక్ష లేకుండా నేరుగా చార్జింగుకు పెట్టడం ప్రాణాపాయానికి దారితీయగలదు. ఈ దృష్ట్యా పునరుద్ధరణ క్రమాన్ని, అందులోని ప్రమాదాలను, సంబంధిత నిబంధనలను తెలుసుకోవడం అవసరం.

నేపథ్యం

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన వనరుల మంత్రిత్వ శాఖ 2010 నవంబరులో బ్యాటరీ వాహనాలకు ప్రోత్సాహకం ప్రకటించింది. తక్కువ వేగం గల ద్విచక్ర వాహనానికి గరిష్ఠంగా రూ.4,000, అధిక వేగం గల దానికి రూ.5,000 చొప్పున రాయితీ లభించేది. 2012 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. తదుపరి అమ్మకాలు క్షీణించి, పలువురు తయారీదారులు ఈ రంగం నుండి తప్పుకున్నారు. 2015లో ఫేమ్ పథకం ఆరంభమైంది. 2019 ఏప్రిల్ 1న మొదలై 2024 మార్చి 31న ముగిసిన దాని రెండవ దశలో అధునాతన బ్యాటరీలు గల వాహనాలకు మాత్రమే రాయితీ వర్తించింది.

ఈ కారణంగా తొలినాటి వాహనాలలో అత్యధికం లెడ్ యాసిడ్ బ్యాటరీలతోను, తరువాతివి లిథియం అయాన్ బ్యాటరీలతోను నడిచేవిగా ఉన్నాయి. వాహనంలో ఉన్నది ఏ రకం బ్యాటరీ అన్నది నిర్ధారించుకోవడమే పునరుద్ధరణలో మొదటి మెట్టు.

లెడ్ యాసిడ్ బ్యాటరీల స్థితి

వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే చార్జిని కోల్పోతూ ఉంటుంది. ఎండ తీవ్రత పెరిగిన కొద్దీ ఈ నష్టం మరింత వేగవంతమవుతుంది. చార్జి లేని స్థితిలో చాలాకాలం ఉండిపోతే లోపలి పలకలపై లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి, తిరిగి చార్జి చేసినా కరగవు. అందువల్ల బ్యాటరీ నిలువ సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది.

సాధారణంగా ఇటువంటి స్కూటర్లలో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగింటిని వరుసగా కలిపి 48 వోల్టులు పొందుతారు. పూర్తిగా చార్జి అయి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న ఒక్కొక్క బ్యాటరీ మల్టీమీటరులో సుమారు 12.7 వోల్టులు లేదా అంతకు కొంచెం ఎక్కువ చూపాలి. 12.2 వోల్టుల వద్ద దాదాపు సగం చార్జి మాత్రమే ఉన్నట్లు. ఏళ్ల తరబడి పడి ఉండి, 10.5 వోల్టుల కంటే దిగువకు చేరినదానిపై ఆశ పెట్టుకోనవసరం లేదు. వోల్టేజి సరిగా కనిపించినంత మాత్రాన కూడా బ్యాటరీ బాగున్నదని భావించరాదు. లోడు పెట్టి పరీక్షించినప్పుడే దాని నిజస్థితి తెలుస్తుంది.

నాలుగింటిలో ఒకటి చెడిపోయినదని, దానిని మాత్రమే మార్చడం తగదు. పాత, కొత్త బ్యాటరీలు కలిసి పనిచేసినప్పుడు బలహీనమైనది ముందుగా ఖాళీ అయి, మిగిలినవాటి భారంతో మరింత దెబ్బతింటుంది. ఒకే తయారీ, ఒకే సామర్థ్యం గల నాలుగింటిని ఒకేసారి అమర్చుకోవాలి.

లిథియం బ్యాటరీలతో అధిక ప్రమాదం

ఫోన్లలో వాడే రకానికి చెందిన లిథియం అయాన్ సెల్లు పూర్తి చార్జిలో 4.2 వోల్టులు ఉంటుంది. వాడకుండా వదిలివేసినప్పుడు వోల్టేజి 2 కంటే దిగువకు జారితే లోపలి రాగి రేకు కరగనారంభిస్తుంది. తిరిగి చార్జి చేసినప్పుడు ఆ రాగి సెల్లు లోపల పేరుకొని షార్ట్ సర్క్యూట్ ఏర్పడే అవకాశం ఉంది. అప్పుడు పుట్టిన వేడి ఒక సెల్లు నుండి మరొక సెల్లుకు పాకి, నిమిషాలలో మంటలుగా మారుతుంది.

ఇట్టి ప్రమాదాన్ని నివారించేందుకే బ్యాటరీలో రక్షణ సర్క్యూటు ఉంటుంది. వోల్టేజి మరీ తక్కువగా ఉన్నప్పుడు అది చార్జింగును అడ్డుకుంటుంది. దీనిని లోపంగా భావించి, ఆ సర్క్యూటును తప్పించి నేరుగా విద్యుత్తు ఎక్కించే అలవాటు కొన్ని మరమ్మతు దుకాణాలలో ఉంది. ఇది అత్యంత ప్రమాదకరం. అదే విధంగా 48 వోల్టుల లెడ్ యాసిడ్ చార్జరు సుమారు 58 వోల్టుల వరకు ఇస్తుంది. 13 సెల్లుల వరుస గల లిథియం బ్యాటరీ పరిమితి 54.6 వోల్టులు మాత్రమే. రెండింటి మీద 48 అన్న అంకె ఉన్నంత మాత్రాన ఒకదాని చార్జరు మరొకదానికి పనికిరాదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడలలో ఇళ్లలో చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ఇద్దరు మరణించారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూంలో చెలరేగిన అగ్నిప్రమాదపు పొగ పై అంతస్తులలోని లాడ్జికి వ్యాపించి 8 మంది ప్రాణాలు కోల్పోయారు. బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కేంద్రం పటిష్ఠపరచి, 2022 డిసెంబరు 1 నుండి మొదటి దశగాను, 2023 మార్చి 31 నుండి రెండవ దశగాను అమలులోకి తెచ్చింది. అంతకు పూర్వం తయారైన బ్యాటరీలకు ఈ రక్షణలు ఉండకపోవచ్చునన్నది గమనార్హం. ఉబ్బిన, పగిలిన, వాసన వస్తున్న లిథియం బ్యాటరీని ఎట్టి పరిస్థితులలోను చార్జి చేయరాదు.

తనిఖీ క్రమం

ముందుగా ప్రధాన స్విచ్చిని ఆపి, పాత బ్యాటరీని వాహనం నుండి వేరు చేయాలి. ఎలుకలు కొరికిన వైర్లను, చిలుమెక్కిన కనెక్టర్లను మార్చాలి. టైర్ల అరుగుదల లేకపోయినా రబ్బరు ఎండి పగుళ్లు వారి ఉండవచ్చు. టైరు పక్క భాగంలో నాలుగంకెల గుర్తు ఉంటుంది. ఉదాహరణకు 2311 అంటే 2011వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. బ్రేకు లైనర్లు, తీగలు, చక్రాల బేరింగులు కూడా పరీక్షించాలి.

కొత్త బ్యాటరీ అమర్చినా మోటారు తిరగకపోతే బ్రేకు లీవరులోని స్విచ్చిని మొదట చూడాలి. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే, బ్రేకు నొక్కి ఉన్నట్లుగా భావించి కంట్రోలరు మోటారుకు విద్యుత్తు నిలిపివేస్తుంది. తరువాత యాక్సిలరేటరును, మోటారు లోపల ఉండే మూడు హాల్ సెన్సార్లను పరిశీలించాలి. సెన్సారు చెడితే బండి కుదుపులతో కదులుతుంది లేదా అసలు కదలదు.

విద్యుత్తు లేకుండానే వెనుక చక్రం చేతితో తిప్పినప్పుడు ఆగి ఆగి బరువుగా తిరిగితే, కంట్రోలరుకు వెళ్లే మూడు మోటారు వైర్లను ఒకదానికొకటి తగలకుండా విడదీసి చూడాలి. చక్రం తేలికైతే లోపం కంట్రోలరులోను, కాకపోతే మోటారులో లేదా దాని వైర్లలోను ఉన్నట్లు. తొలి పరీక్షను సెంటరు స్టాండుపై, చక్రం నేలకు తగలకుండా ఉంచి జరపాలి.

చట్టపరమైన నిబంధనలు

కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 0.25 కిలోవాటు కంటే, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువగా ఉండి, ఇతర నిర్దేశాలకు లోబడిన బ్యాటరీ ద్విచక్ర వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. దానికి రిజిస్ట్రేషను అవసరం లేదు. మరమ్మతు సమయంలో అధిక శక్తి గల కంట్రోలరు, మోటారు అమర్చి వేగం పెంచితే ఈ మినహాయింపు వర్తించదు.

అధిక వేగం గల వాహనాలకు రిజిస్ట్రేషను, బీమా, డ్రైవింగు లైసెన్సు తప్పనిసరి. 15 ఏళ్ల రిజిస్ట్రేషను గడువు ముగిసి ఉంటే పునరుద్ధరించుకోవాలి. బ్యాటరీ వాహనాలకు రిజిస్ట్రేషను పత్రం జారీ, పునరుద్ధరణ రుసుము నుండి 2021 ఆగస్టులో కేంద్రం మినహాయింపు ఇచ్చింది.

పాత బ్యాటరీని ఏం చేయాలి

2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమావళి ప్రకారం వినియోగదారుడు పాత బ్యాటరీని ఇతర చెత్తతో కలపకుండా, సేకరణ లేదా పునర్వినియోగ ప్రక్రియ చేపట్టే సంస్థకు అప్పగించాలి. సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. పాత ఇనుప సామాన్ల వారికి అమ్మితే అది బహిరంగ ప్రదేశాలలో పగులగొట్టి సీసం కరిగించే చోటికి చేరే ప్రమాదం ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

చార్జింగులో జాగ్రత్తలు

తలుపు దగ్గర, మెట్ల కింద, పడకగదిలో బ్యాటరీని చార్జి చేయరాదు. మంటలు లేస్తే బయటపడే దారి మూసుకుపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడే చోటు ఎంచుకోవాలి. పునరుద్ధరించిన వాహనాన్ని మొదటి కొన్నిసార్లు పగటివేళ, మనిషి దగ్గర ఉండగానే చార్జి చేయాలి. బ్యాటరీ చేయి పెట్టలేనంత వేడెక్కినా, పొగ వచ్చినా ఇంట్లోని వారందరూ వెంటనే బయటకు వచ్చి 101 లేదా 112కు ఫోన్ చేయాలి. బండిని కాపాడుకోవాలని లోపలికి తిరిగి వెళ్లరాదు.