వాడుకలో నిలిచిన సూరత్ కోట

తపతీ నదీతీరమున గల సూరత్ నగరమనగానే చీరలు, వజ్రాల సానపట్టు పని స్ఫురించుట సహజం. తెలంగాణ నుండి వలస వెళ్లిన మన పద్మశాలీల మరమగ్గాల చప్పుడు కూడా అక్కడ వినవచ్చును. అయితే ఇంజనీర్లమైన మమ్ములను విశేషంగా ఆకర్షించునది నది ఒడ్డున గల పాత కోట.

గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ షా కాలంలో, పోర్చుగీసుల దాడుల నుండి పట్టణమును కాపాడుటకై ఖుదావంద్ ఖాన్ అను అధికారి 1540-46 మధ్య దీనిని నిర్మింపజేశాడు. నాలుగు మూలలా సుమారు 12 మీటర్ల ఎత్తైన గుండ్రని బురుజులు. వాటి గోడల మందం 4 మీటర్ల పైమాటే. రాతికి రాతిని ఇనుప పట్టీలతో బంధించి, సందులలో కరిగిన సీసం పోశారని మొగలాయీల నాటి చరిత్రకారులు వ్రాశారు. ఇందలి విజ్ఞత గమనింపదగినది. ఇనుము బిగువునిచ్చును, సీసం దానికి గాలి, తేమ తగలకుండా కాపాడును. పైగా మెత్తని లోహం కనుక కట్టడం కొద్దిగా కదిలినా సర్దుకొనును.

1573లో అక్బరు ఈ కోటను ముట్టడించి గెలిచాడు. 1759 మార్చిలో ఇది ఆంగ్లేయుల వశమైనది. మరుసటి నెలలోనే ఫ్రెంచివారి చేతిలోని మన బందరు కోట కూడా వారికే దక్కినది. ఆపైన రెండింటి దారులు వేరైనవి. 1862లో సూరత్ కోట నుండి సైన్యమును తొలగించి, గదులను రెవెన్యూ, పోలీసు కచేరీలకు ఇచ్చారు. 1864 నాటి ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్న పిమ్మట బందరు కోటను సైన్యం విడిచిపోయినది. నేడు అక్కడ మిగిలినవి శిథిలాలే.

కచేరీల వలన సూరత్ కోట అందం పెరిగినదని మేము అనము. కాని మనుషులు మసలే చోట కారుతున్న కప్పు ఎవరో ఒకరి కంటబడును. తలుపు తీయని భవనంలో, పగులున మొలిచిన రావి మొక్కే గోడను చీల్చును. యంత్రానికి వలెనే కట్టడానికీ నడకే ఆయుష్షు. కోట నిలిచి ఉన్నందుననే ఇటీవలి సంవత్సరాలలో సూరత్ నగరపాలక సంస్థ దానిని పునరుద్ధరించి, నగర చరిత్రను తెలిపే మ్యూజియంగా తీర్చిదిద్దగలిగినది.

మన ప్రాంతంలోనూ పాత కోటలు, దివాణాలు, జమీందారీ బంగళాలు అనేకం కలవు. అన్నింటినీ మ్యూజియములు చేయుట సాధ్యం కాదు. ఒక గ్రంథాలయమో, పాఠశాలయో, చిన్న కార్యాలయమో నడిపినా చాలును. మరమ్మతులకు మాత్రం పాత సున్నపు గారనే వాడవలెను. సిమెంటు పూత గోడలోని తేమను బయటకు పోనీయక లోలోపలే చెరుపు చేయును. తాళం వేసి ఉంచుట రక్షణ కాదని మన శాఖల వారందరూ గుర్తింతురు గాక!