మట్టి చెప్పే సాక్ష్యం

ఒక అడవిలో ఏయే ప్రాణులు నివసిస్తున్నాయో తెలుసుకోవాలంటే వాటిని కళ్ళారా చూడాలి. లేదా పాదముద్రలు, కూతలు వంటి ఆనవాళ్ళను బట్టి గుర్తించాలి. రాత్రివేళ సంచరించేవి, మనిషి అలికిడికే తొలగిపోయేవి ఈ లెక్కకు సులభంగా అందవు. అయితే రాలిన వెంట్రుకలు, చర్మపు పొలుసులు, మలమూత్రాల ద్వారా ప్రతి జంతువు జన్యుపదార్థమైన డి.ఎన్.ఏ. అది తిరిగిన నేలలో చేరుతుంది.

మట్టిలోని సూక్ష్మజీవుల ఎంజైములు ఈ డి.ఎన్.ఏ.ను ముక్కలు చేస్తాయి. కాని బంకమట్టి రేణువులకు అంటుకొన్న భాగం కొంతకాలం వాటి బారి నుండి తప్పించుకొంటుంది. చలి ప్రదేశాలలో ఆ కాలం ఎంత దీర్ఘమో 2003లో వెల్లడైంది. ఎస్కె విల్లర్‌స్లెవ్ బృందం సైబీరియాలో ఘనీభవించిన నేల నుండి, ఎముకలతో పని లేకుండానే, అంతరించిపోయిన మామత్ డి.ఎన్.ఏ.ను వెలికితీసింది.

మట్టి నుండి వేరుచేసిన డి.ఎన్.ఏ.లో, జాతిని గుర్తించడానికి పనికివచ్చే ఒక చిన్న భాగాన్ని పి.సి.ఆర్. ప్రక్రియ ద్వారా కోట్లాది ప్రతులుగా పెంచుతారు. దానిలోని నత్రజని క్షారాల వరుసను చదివి, ఇదివరకు తెలిసిన జాతుల వరుసలతో పోలుస్తారు. ఆకులు కుళ్ళిన నల్లని మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు ఈ ప్రక్రియకు అడ్డు తగులుతాయి.

ఇంతకూ మట్టి నిజమే చెబుతుందా? జవాబు ముందే తెలిసిన చోట ప్రశ్న అడగడం దీనికి తగిన పరీక్ష. డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన అధ్యయనం కోసం సఫారీ పార్కులు, జంతు ప్రదర్శనశాలలు, పశుక్షేత్రాల మట్టిని పరీక్షించారు. అక్కడ ఏ జంతువులున్నాయో ముందే తెలుసు. ఉపరితలపు మట్టి మొత్తంమీద ఆ వివరాలతో ఏకీభవించింది. ఏ జాతి మొత్తం శరీరభారం ఎక్కువో దాని డి.ఎన్.ఏ. కూడా ఎక్కువగా లభించింది. కాని కొత్తగా తెచ్చి విడిచిన ఒక జాతి జాడ మాత్రం దొరకలేదు. ఒకేచోట ఎక్కువ మట్టి తీయడం కన్న వేర్వేరు చోట్ల కొద్దికొద్దిగా తీయడమే మేలని కూడా తేలింది.

దీనికి విపర్యయమైన పొరపాటు మరింత చిక్కైనది. అమెరికా పరిశోధకులు పలు నేలలను పరిశీలించి 2016లో వెల్లడించిన ప్రకారం, బాక్టీరియా, శిలీంధ్రాల డి.ఎన్.ఏ.లో సగటున 40 శాతం చెక్కుచెదరని కణాలలోనిది కాదు. చాలావరకు మరణించిన జీవులు విడిచినది. అంటే గతించిన జీవి కూడా ఇంకా ఉన్నట్టే పట్టికకు ఎక్కవచ్చు. ఒక జాతి క్షీణిస్తున్నదని గుర్తించవలసిన తరుణంలోనే అది క్షేమంగా ఉన్నదని మట్టి సాక్ష్యమిస్తే, దానిని కాపాడుకొనే సమయం చేజారిపోతుంది. అందుకే కొందరు పరిశోధకులు డి.ఎన్.ఏ. కన్న త్వరగా శిథిలమయ్యే ఆర్.ఎన్.ఏ.ను కూడా అదే మట్టిలో వెదకుతున్నారు.