కలలో మెలకువ

గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురంలో 1973 నుంచి హరికథ నేర్పుతున్నారు. శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలలో చదువుకున్న అమ్మాయిలు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి కథ చెబుతారు. హరికథలు వినేవాళ్లకు ఉషా పరిణయం బాగా తెలిసిన కథే. బాణాసురుడి కూతురు ఉష కలలో ఓ అందగాణ్ణి చూసి మనసిచ్చింది. కళ్లు తెరిస్తే పక్కన ఎవరూ లేరు. చెలికత్తె చిత్రరేఖ రాకుమారుల బొమ్మలు ఒక్కొక్కటే గీసి చూపిస్తుంటే కాదు, కాదు అంటూ వచ్చి, అనిరుద్ధుడి బొమ్మ దగ్గర సిగ్గుతో తల వంచేసింది.

మన కథల్లో కల ఎప్పుడూ ఇంతే. తనంతట తాను వస్తుంది, పోతుంది. లేచాక అర్థం వెతుక్కుంటాం. కల నడుస్తుండగానే ‘ఇది కల’ అని ఉషకు తెలిసి ఉంటే? నువ్వెవరు, మీదే ఊరు అని అక్కడే అడిగి ఉండేది.

నిద్ర చెదరకుండా, కలలో ఉండగానే అది కల అని గుర్తుపట్టడమే లూసిడ్ డ్రీమింగ్. డచ్ వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో దీని గురించి రాశాడు. అంతకు ఎంతో ముందే పతంజలి యోగసూత్రాలు కలలో, నిద్రలో కలిగే జ్ఞానాన్ని ధ్యానానికి ఆలంబనగా చెప్పాయి.

నిద్రపోయే మనిషి మాట నమ్మేదెలా? కలలు ముమ్మరంగా వచ్చే రెమ్ నిద్రలో ఒళ్లంతా సడలిపోయి కదలదు, కళ్లు మాత్రం కదులుతాయి. దారి అక్కడే దొరికింది. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ పరీక్షిస్తుండగా, అలన్ వర్స్‌లీ ముందే అనుకున్న ప్రకారం కలలోంచి కళ్లను ఎడమకూ కుడికీ తిప్పి సైగ చేశాడు. 2021లో వెలువడిన పరిశోధన ఇంకా ముందుకెళ్లింది. అమెరికాలో రెమ్ నిద్రలో ఉన్న 19 ఏళ్ల కుర్రాణ్ణి ‘ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత?’ అని అడిగారు. మూసిన రెప్పల కింద కళ్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి. మళ్లీ అడిగారు. మళ్లీ రెండే! ఆ పరిశోధనలో సరైన జవాబు వచ్చింది ఐదో వంతు కన్నా తక్కువ ప్రశ్నలకే. అయినా తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

లూసిడ్ డ్రీమింగ్ నేర్చుకోవడానికి తెల్లవారుజామే అదను. రెమ్ నిద్ర సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, రాత్రి గడిచేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసమున్న శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద చెప్పమన్నది కూడా రాత్రి నాలుగో జామునే.

ముందు కలలు గుర్తుండాలి. దిండు పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. మెలకువ రాగానే ఫోన్ అందుకోకుండా, పక్కకైనా తిరగకుండా, కల చివర దొరికిన ముక్క పట్టుకుని వెనక్కి వెళ్లండి. కొన్నాళ్లకు పదే పదే వచ్చేవేమిటో తేలతాయి: చదవని పరీక్ష, అందకుండా పోయిన పంటు, ఎప్పుడో చనిపోయిన తాతయ్య. ఇది కల అని చెప్పే మీ గుర్తులు అవే. పగలు అప్పుడప్పుడూ ముక్కు మూసుకుని ఊపిరి తీసి చూడండి. ఈ అలవాటు కలలోకీ వస్తే, అక్కడ మూసిన ముక్కుతోనూ గాలి ఆడుతుంది, దాంతో అది కల అని తెలిసిపోతుంది.

ఆపైన స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు స్టీఫెన్ లాబెర్జ్ పద్ధతి. ఐదు గంటల నిద్ర తర్వాత మోగేలా అలారం పెట్టుకుని లేవాలి. అప్పటి కలను తలుచుకుంటూ, ‘ఈసారి కల వస్తే కల అని గుర్తుపడతాను’ అనుకుంటూ మళ్లీ పడుకోవాలి. ఇవన్నీ కలిపి వారం రోజులు చేసిన 47 మందికి 17 శాతం ప్రయత్నాలు ఫలించాయని ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ 2017లో తేల్చాడు. ఐదు నిమిషాల్లో తిరిగి నిద్రపట్టినప్పుడు అది 46 శాతం దాకా వెళ్లింది.

రోజూ నిద్ర పాడుచేసుకోవద్దు. వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు. మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఒక్కోసారి మెలకువ వచ్చినా కాళ్లూ చేతులూ ఆడవు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. దయ్యమేమీ కాదు. రెమ్ సడలింపు ఇంకా వీడలేదంతే, కాసేపటికి పోతుంది.

గాల్లో ఎగరాలన్న సరదాతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం పీడకలలకు పనికిరావడమే దీని అసలు విలువ అనిపిస్తుంది. 1996 నవంబరు తుఫాను రాత్రి గడిపిన కోనసీమ మనిషికి కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు కలలో మళ్లీ వినిపిస్తే, పరుగెత్తకుండా నిలబడి ‘ఇది కల, తుఫాను ఎప్పుడో తీరం దాటిపోయింది’ అనుకోగలగాలి. అది రాత్రికి రాత్రి రాదు. పట్టపగలు, అయినవాళ్లు పక్కనుండగా, కళ్లు మూసుకుని ఆ కలకు వేరే ముగింపు రోజూ ఊహించుకుంటూ ఉండాలి.