కడియం వెళ్లే కూలీలు ఏమి చూసి రావాలి?

నాట్లు ముగిసే రోజుల్లో మెట్ట గ్రామాల వ్యవసాయ కార్మికుల నుంచి ఏటా ఒక కోరిక వినబడుతుంది. "కడియం పోయి మొక్కలు చూసొద్దామండీ, సంఘం తరపున ఓ బస్సు పెట్టండి" అని అడుగుతారు. మన కార్యకర్తల్లో కొందరు దీన్ని వనభోజనాల కింద జమకట్టి నవ్వేస్తారు. అది సరైన వైఖరి కాదు. అడిగేవాళ్లలో చాలామందికి ఎకరమో అరెకరమో డి-పట్టా భూమి ఉన్నది, లేదా ఇంటి స్థలంలో పెరటి జాగా మిగిలింది. నాలుగు మామిడి అంట్లు, రెండు కొబ్బరి మొక్కలు వేసుకుంటే పిల్లల కాలానికైనా అక్కరకొస్తాయని వాళ్ల ఆశ.

కడియమంటే ఒక్క ఊరు కాదు. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి, జేగురుపాడు, ఇలా రాజమండ్రికి దిగువనున్న ఊళ్లన్నిటినీ కలిపి బయటివాళ్లు కడియం నర్సరీలంటారు. లంక అన్న పేర్లలోనే సంగతి ఉన్నది. గోదావరి వదిలిపోయిన ఒండ్రు నేల అది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీరు దొరికింది. కాని నేలా నీరూ ఉంటే చాలదు గదా! సంచి నింపడం దగ్గర్నుంచి లారీకెక్కించడం దాకా వేలమంది కూలీల చెయ్యి పడితేనే అక్కడ మొక్క తయారవుతున్నది. యాత్ర వేసేవాళ్లు ఈ సంగతి ముందు మనసులో పెట్టుకోవాలి. పూలరంగులు, మొక్కలతో చేసిన ఏనుగులు, నెమళ్లు చూసి ఫోటోలు దిగి రావడానికైతే సంఘం అక్కర్లేదు.

మా పక్క గ్రామంలో ఒక కూలి కుటుంబం బంగినపల్లి అంట్లని చెబితే నమ్మి ఓ నర్సరీలో ఇరవై మొక్కలు కొన్నది. బావి నుంచి బిందెలతో నీళ్లు మోసి బతికించారు. ఆరో ఏట కాపొచ్చింది. చూస్తే పీచు కాయ, పులుపు. టెంక మొక్కకు రిబ్బను చుట్టి అంటని అమ్మారన్నమాట. వరి విత్తనం మోసమైతే నాలుగు నెలల్లో తెలుస్తుంది. మామిడి మోసం తెలిసేసరికి పిల్లలు పెద్దవాళ్లవుతారు. బిల్లు లేదు, అడిగే దిక్కూ లేదు. అంచేత అంటంటే ఏమిటో ప్రతి కూలీ కళ్లారా చూసి రావడం అవసరం.

ఎప్పుడు వెళ్లాలి? సంక్రాంతి రోజుల్లో అక్కడ పూలు బాగుంటాయి, జనమూ అంతే ఉంటారు. మనకు కావలసింది అంటుకట్టే కాలం. వానాకాలంలో, ముఖ్యంగా జూలై నుంచి సెప్టెంబరు దాకా మామిడికి ఆ పని సాగుతుంది. నాట్లు అయిపోయి కలుపులు ఊపందుకునేలోపు ఒక సందు దొరుకుతుంది. ఆ సందులో రోజు ఖాయం చేయాలి. ఆ రోజు కూలి పోతుందన్న మాట దాచకుండా ముందే గ్రామసభలో చెప్పాలి. ఏ ఆదివారమో పెట్టుకుంటే నయమనుకోవద్దు. ఆదివారం యాత్రికుల రద్దీలో మనతో మాట్లాడే తీరిక అక్కడి పనివాళ్లకు ఉండదు.

ప్రయాణం విషయంలో గట్టిగా చెబుతున్నాను. సామాన్ల ఆటోలో, లారీలో జనాన్ని ఎక్కించొద్దు. కూలీలు కుప్పలుగా చచ్చిపోతున్నది ఆ బళ్లలోనే. సరుకుల బండిలో ఎక్కినవాడికి బీమా సొమ్ము రాబట్టడం కూడా కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. రాజమండ్రి దాకా అలా చేరి, అక్కడ రావులపాలెం వైపు బస్సు పట్టుకోవచ్చు. అందరూ ఒకే బస్సులో పట్టరు గనక రెండు జట్లు చేసి, జట్టుకొక బాధ్యుణ్ణి పెట్టాలి. కడియానికి రైల్వే స్టేషనున్నది గాని అన్ని బళ్లూ ఆగవు, నర్సరీల రోడ్డు అక్కడికి దూరం కూడా. కొన్న మొక్కలకు మాత్రం విడిగా చిన్న బండి మాట్లాడుకోండి.

ముందుగా ఇద్దరు వెళ్లి రెండు మూడు నర్సరీల వాళ్లను కలిసి, నలభైమంది వస్తాం, అంటుకట్టే పని చూస్తాం, మొక్కలు కొంటాం అని చెప్పి రావాలి. పెద్ద నర్సరీ ఒకటి, ఇంటిల్లిపాదీ పనిచేసుకునే చిన్న నర్సరీ ఒకటి తప్పకుండా ఉండాలి. రెండో దాంట్లో ఓపిగ్గా చెబుతారు.

అక్కడ షెడ్డులో కూర్చుని చూడవలసింది ఇది. టెంక నుంచి లేచిన కింద మొక్క సంచిలో ఉంటుంది. కోయబోయే పైకొమ్మ ఆకుల్ని వారం పది రోజుల ముందే కత్తిరించి ఉంచుతారు. దాంతో మొగ్గ ఉబ్బుతుంది. కింద మొక్క తల నరికి నిలువునా చీలుస్తారు, కొమ్మ మొదలు మేకులా చెక్కి ఆ చీలికలో దింపుతారు, ప్లాస్టిక్ రిబ్బనుతో బిగిస్తారు. రెండిటి లావూ సమంగా ఉండాలి, బెరడుకి బెరడు తగలాలి. కత్తి మొండిదైతే గాయం నలిగి అంటు చస్తుంది. జామకు ఈ పని లేదు. కొమ్మ మీద ఉంగరంలా బెరడు ఒలిచి తడి నాచు కట్టి వేరు పుట్టిస్తారు, దాన్ని గాలి అంటంటారు. సపోటాను పాల మొక్క మీద కడతారు. పాల మొక్క నెమ్మదిగా ఎదుగుతుంది గనక సపోటా అంటు ధర ఎక్కువ. మన జట్టులో చెయ్యి తిరిగిన కుర్రాళ్లు, ఆడపిల్లలు ఉంటే తలా ఒక అంటు కట్టి చూడమనండి. ఈ పని తెలిసిన మనిషికి కలుపు కూలి కన్నా మెరుగైన కూలి అడిగే బలం ఉంటుంది.

ఆ పక్కనే మట్టి కుప్ప దగ్గర ఆడవాళ్లు పొద్దస్తమానం గొంతుకూర్చుని ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి సంచులు నింపుతూ ఉంటారు. వాళ్లను పలకరించకుండా రావద్దు. అయితే యజమాని ఎదుట కూలి రేటు అడగొద్దు. మనం సాయంత్రానికి వెళ్లిపోతాం, వాళ్లు పొద్దున్నే ఆ పనిలోకే రావాలి. అన్నాల వేళ చెట్టు కింద కలిసి కూర్చోండి. రోజు కూలా, సంచుల లెక్కా? మగాళ్లకెంత, ఆడవాళ్లకెంత? మందు కొట్టేటప్పుడు మూతికి, చేతులకు ఏమైనా ఇస్తున్నారా? మరుగుదొడ్డి ఉందా? చెప్పినంత రాసుకోండి, పేర్లు రాయొద్దు.

"మేం వ్యవసాయ కూలీలం కాదండీ, నర్సరీ పనోళ్లం" అని వాళ్లలో కొందరంటారు. అక్కడ మనకు చెప్పడానికి మాట ఉన్నది. 1948 కనీస వేతనాల చట్టం వ్యవసాయానికి ఇచ్చిన అర్థంలో తోట పంటల పెంపకాన్నీ చేర్చింది. ఆడా మగా సమాన పనికి సమాన వేతనమని 1976లో ఇంకో చట్టం వచ్చింది. ఈ రెండిటినీ 2019 వేతనాల కోడ్‌లో కలిపేసి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. కోడ్ మీద మన అభ్యంతరాలు మనకున్నాయి. అయినా ఒకే రకం పనికి ఆడమగా తేడా చూపరాదన్న నియమం అందులోనూ మిగిలే ఉన్నది, దాన్ని వాడుకోవాలి.

ఇక కొనుగోలు. తలా ఒకరూ బేరమాడితే ధర దిగదు. ఎవరికెన్ని కావాలో ఊళ్లోనే పట్టీ రాసి, ముగ్గురితో కమిటీ వేసి, ఒక్కచోట బేరం చేయండి. మన రాష్ట్రంలో ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషనుకు 2010లో చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను కాగితం చూపమని అడగడం తప్పు కాదు. బిల్లు మీద రకం పేరు రాయించాలి, ఉత్త "మామిడి మొక్కలు" అని రాస్తే ఒప్పుకోవద్దు. అతుకు దగ్గర వేలితో తడిమి చూడాలి. రెండు బెరళ్లూ కలిసిన గుర్తు కనబడాలి, చిగురు పైకొమ్మ నుంచి రావాలి. కొబ్బరైతే మొదలు బొద్దుగా ఉండి, ఆకు తొందరగా చీలిన మొక్కను ఏరుకోవాలి. పొడుగ్గా సన్నగా సాగిన దాన్ని నీడలో పెంచారని అర్థం, చవకని తీసుకోవద్దు.

ఊరు చేరాక మర్నాడే మొక్కలు పాతెయ్యక్కర్లేదు. నాలుగు రోజులు చెట్టు నీడన ఉంచి తడపండి. పాతేటప్పుడు సంచి కోసి తీసేయాలి, మట్టిగడ్డ పగలకూడదు. అతుకు నేలకు జానెడు పైన ఉండాలి. బాగా కలిశాక రిబ్బను విప్పకపోతే అదే మొక్కకు ఉరి అవుతుంది. అతుకు కింద నుంచి వచ్చే చిగురు ఎంత పచ్చగా ఉన్నా గిల్లేయాలి, అది టెంక మొక్కది. బిల్లు ప్రతి ఒకటి, పట్టీ ఒకటి, మధ్యాహ్నం కూలీలు చెప్పినవి రాసిన కాగితాలు గ్రామశాఖ ఫైలులో పెట్టి, మొదటి రెండు జిల్లా ఆఫీసుకు పంపండి. కూలి రేట్ల కాగితం మాత్రం పోస్టులో వేయకుండా చేతికివ్వండి.