గీజరు కడుపులో గమ్మత్తులు

మీ బాత్రూమ్‌లో ఐస్‌లాండ్ ఉంది, మీకు తెలుసా? ఐస్‌లాండ్‌లో ఓ వేడినీటి బుగ్గ ఉంది. పేరు గేసిర్, అంటే ఎగజిమ్మేది. మన గీజరుకు పేరు అక్కడినుంచే వచ్చింది. రోజూ పొద్దున్నే మీరు స్విచ్చి వేసేది ఓ బుగ్గకన్నమాట!

గీజరుకు ఆ పేరు పెట్టిందెవరో తెలుసా? రంగులు వేసే పెయింటరు! 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ గ్యాస్ మంటతో నీళ్లు కాచే యంత్రం చేశాడు. మంట పెట్టాడు, నీళ్లు పెట్టాడు, పొగగొట్టం మాత్రం పెట్టలేదు! అమ్మో! ఇప్పటికీ గ్యాస్ గీజరును బాత్రూమ్ లోపల బిగిస్తే అదే గండం. దయచేసి బయట పెట్టించండి.

గీజరు నిండా వేడినీళ్లున్నా, మేడ మీద ట్యాంకు ఖాళీ అయితే ధార రాదని మీకు తెలుసా? కింద చన్నీళ్లు లోపలికి తోస్తేనే పైనున్న వేడినీళ్లు బయటికి కదులుతాయి. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అని పెద్దలు ఊరికే అన్నారా!

15 లీటర్ల నీళ్లు కాగితే ఎన్ని లీటర్లవుతాయి? చెప్పుకోండి చూద్దాం! 25 డిగ్రీల నుంచి 60కి వచ్చేసరికి సుమారు 15.2. ఓ గ్లాసెడు నీళ్లు ఎక్కడినుంచో పుట్టుకొచ్చినట్టే! సేఫ్టీ వాల్వ్ నుంచి కాగేటప్పుడు రాలే చుక్కలు అవే. లీకనుకుని దాన్ని మూసేయించేరు, వద్దు! నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. పాపం, ఆ బుల్లి వాల్వే మనకు కాపలా.

తన బదులు తుప్పు పట్టడానికి గీజరు ఒకర్ని పెట్టుకుంటుందని మీకు తెలుసా? లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పంతా అదే తింటుంది. మా గీజరు విప్పినప్పుడు మెకానిక్ దాన్ని నా చేతిలో పెట్టాడు. బొటనవేలంత లావుండాల్సిన కడ్డీ నమిలి ఊసిన చెరుకు పిప్పిలా గుంతలు పడి ఉంది. కొసన ఉత్త తీగ మిగిలింది. ట్యాంకు మాత్రం చెక్కుచెదరలేదు! ఏడాదికోసారి విప్పించి చూడండి, అరిగితే మార్పించండి.

ఈ చిట్కా మొదట ఓడలదని మీకు తెలుసా? 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ ఓడల రాగి తొడుగుకు ఇనుప ముక్కలు తగిలించి తుప్పు ఆపాడు. రాగి భద్రం. కానీ శుభ్రంగా ఉన్న రాగి మీద గుల్లలు కాపురం పెట్టాయి, ఓడలు నత్తనడక పట్టాయి!

పంచదార వేడినీళ్లలో ఇంకా బాగా కరుగుతుంది. మరి బోరు నీళ్లలోని సున్నం? వేడికి బయటపడి, గీజరు ఎలిమెంటు మీద పెంకు కడుతుంది! అంతా తిరకాసే!

హాఫ్ ఇంచ్ జీఐ పైపుకు స్కేలు పెట్టారా ఎప్పుడైనా? అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. పైపు బయటి కొలత 21.3! లోపల కొలిచినా అర అంగుళం దాటే ఉంటుంది. పేరు హాఫ్, ఒళ్లు ముప్పాతికకు పైనే!

నల్లా అనండి, కుళాయి అనండి, సెకనుకో చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు! చుక్క పావు మిల్లీలీటరు అనుకున్నా ఏడాదికి 7,884 లీటర్లు. 15 లీటర్ల బకెట్లు 525! ఆపేది మాత్రం వేలిగోరంత వాషరు.

మీ ఇంటి ప్లంబరును ఏ ఊరని అడిగారా? ఒడిశాలోని కేంద్రపారా అంటాడేమో! దేశమంతటికీ ప్లంబర్లను పంపే జిల్లా అది. అక్కడి పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ప్రభుత్వ సంస్థ ఉంది. పైపులకూ ఓ బడి!

చివరిగా, ఐన్‌స్టీన్ ప్లంబర్ల సంఘం సభ్యుడని మీకు తెలుసా? మళ్లీ కుర్రవాణ్ణయితే ప్లంబర్నో, తిరిగి సరుకులమ్మేవాణ్ణో అవుతానని 1954లో ఓ పత్రికకు రాశాడు. ప్లంబర్లు పొంగిపోయి గౌరవ సభ్యత్వం ఇచ్చేశారు. నీరు పల్లమెరుగన్న సంగతి గురుత్వాకర్షణ గుట్టు విప్పినాయనకు ఒకరు నేర్పాలా!